కమర్షియల్ చెల్లె

మిర్యాలగూడలో మేము కిరాయికున్న ఇంటి కరెంటు మీటరును కమర్షియల్‌కు మార్చినప్పుడు నేనేమీ అనలేదు. సూర్యాపేటలో దుకాణం పెట్టినప్పుడు గ్యాస్ సిలిండరు కమర్షియల్‌ది తీసుకోవాలన్నారు, తీసుకున్నాను. రోడ్డు మీది జాగా కమర్షియల్ అయిందని ఓనరు కిరాయి పెంచాడు, గొణుక్కుంటూ ఇచ్చాను. మీటరుకూ సిలిండరుకూ జాగాకూ ఆ మాట అంటే నాకు పట్టింపు లేదు. దాన్ని మనిషికి అంటించింది మా అక్క. కోదాడలో, వాళ్ళ ఇంటి వెనక రేకుల షెడ్డు కింద, నా చేతులు పిండిలో ఉండగా, వాడకట్టు ఆడవాళ్ళందరి ముందూ అంది. ఆ రోజు ఆమె కట్టుకున్న చీర కూడా గుర్తుంది. పసుపు చీర, ఆకుపచ్చ అంచు. ఆ చీర నేను పెట్టిందే.

మా పుట్టిల్లు నడిగూడెం. మేము ఇద్దరం ఆడపిల్లలమే. పెళ్ళి కుదిరిన ఇంట్లో సకినాలు చుట్టడమంటే మా ఊళ్ళో ఒక ఇంటి పని కాదు, వాడకట్టు పని. పిల్లతో పంపే సారెలో మిగతావి ఎన్ని ఉన్నా సకినాలు లేకపోతే అది సారె కాదు. బియ్యం నానబెట్టి, నీళ్ళు ఓడ్చి, గిర్నిలో పట్టించి, తడి ఆరకముందే జల్లించి, నువ్వులు, వాము, ఉప్పు వేసి కలుపుతారు. నేల మీద ఉతికిన తెల్లబట్ట పరుస్తారు. పసుపుతో గౌరమ్మను చేసి పెట్టి, దండం పెట్టుకుని, చుట్టూ కూర్చుంటారు. పిండిని వేళ్ళ మధ్య సన్నగా మెలితిప్పుతూ, లోపలి నుంచి బయటికి వరస తర్వాత వరసగా తిప్పుకుంటూ రావాలి. వచ్చిన వాళ్ళెవరికీ కూలి ఉండదు. ఈ రోజు మేము మీ ఇంట్లో కూర్చుంటే, మా ఇంట్లో పెళ్ళినాడు మీరు వచ్చి కూర్చుంటారు. అంతే లెక్క.

మా ఇద్దరిలో పిండి అక్కది, చుట్టు నాది. అమ్మ అట్లా పంచింది. అక్క చుడితే రెండో వరసకే తెగేది. నేను కలిపితే పిండి జారుగానో గట్టిగానో అయ్యేది. ఆమె కలిపిన పిండి నా వేళ్ళ మధ్య దారంలా సాగేది. ఎన్ని నీళ్ళు పోస్తావని అడిగితే ఎప్పుడూ చెప్పలేదు. "పిండి అడుగుతది, నేను పోస్త" అనేది. ఇది కూడా నేను మర్చిపోలేదు. సొంత చెల్లెలికి చెప్తే ఏం పోయేది?

అన్ని సకినాలూ అయ్యాక చివర ఒక పెద్ద సకినం చుడతారు. తాంబాళం నిండా పట్టేంత. అది వియ్యపురాలికి. మా ఇంట్లో దానికి ఒక పద్ధతి ఉంది. పిండి పెళ్ళికూతురి తల్లి కలపాలి, చుట్టు ఆమె తోబుట్టువు చుట్టాలి. సారె చేరాక వియ్యపురాలు దాన్ని నలుగురికీ చూపించి, అక్కడే విరిచి పంచుతుంది. ఎక్కడా అతుకు లేకుండా ఉంటే "అక్కచెల్లెండ్లు మంచిగున్నరు" అంటారు. నా పెళ్ళికి మా అమ్మ కలిపింది, మా పెద్దమ్మ చుట్టింది. అక్క పెళ్ళికీ అంతే.

అక్కను కోదాడలో ఇచ్చారు. బావ సర్కారు ఆఫీసులో ఉద్యోగి. నన్ను మిర్యాలగూడలో రైసుమిల్లులో పనిచేసే మనిషికిచ్చారు. ఆయన పని మిషన్ల దగ్గర. ఒక రోజు బెల్టులో పడి కుడిచెయ్యి దెబ్బతిన్నది. దవాఖాన నుంచి వచ్చాక ఆ చేత్తో చెంబు కూడా ఎత్తలేకపోయాడు. మిల్లు యజమాని రెండుసార్లు వచ్చి పరామర్శించాడు, ఆ తర్వాత మా గల్లీ దారి మర్చిపోయాడు. అక్కా బావా యాపిల్ పండ్లు తెచ్చారు. "ఏమన్న కావాలంటే అడుగు" అని వెళ్ళారు. నేను అడగలేదు. వాళ్ళూ మళ్ళీ అనలేదు.

మిల్లులో లెక్కలు రాసే ఆయన భార్య ఒకనాడు ఇంటికి వచ్చి, "మా బిడ్డ సారెకు సకినాలు నువ్వు చుట్టిపెట్టు, ఊకెనే వద్దు, పైసలిస్త" అంది. అట్లా మొదలైంది. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకింది. మిల్లుల వాళ్ళ ఇళ్ళలో పెళ్ళిళ్ళు పెద్దవి, వాళ్ళ ఆడవాళ్ళకు కింద కూర్చునే తీరిక లేదు. మా గల్లీలోని ఇద్దరు ఆడవాళ్ళను తోడు పెట్టుకున్నాను. వాళ్ళ పొయ్యి కూడా ఈ పని మీదనే మండేది. అందుకని ఒక నియమం పెట్టుకున్నాను. ఎవరింటికి చుట్టడానికి పోయినా వాళ్ళిద్దరి కూలి పోయిన ఇంటివాళ్ళే ఇవ్వాలి. ఇందులో తప్పేముందో ఇప్పటికీ నాకు తెలియదు.

అక్క పెద్దబిడ్డ పెళ్ళి కుదిరింది. అక్క మిర్యాలగూడ వచ్చి, నాకు బొట్టు పెట్టి, రవికెబట్ట పెట్టి పిలిచింది. "ముందుగాలనే రావాలె. చుట్టాలోళ్ళ లెక్క పెండ్లినాడు దిగితె ఊకోను" అంది. ఆ వారమే ఒక మిల్లు వాళ్ళింటి సారె ఒప్పుకుని ఉన్నాను. ఉన్నమాట చెప్పాను.

"అక్కా, అన్ని రోజులు ఉండలేను. నా ఇద్దరు ఆడోళ్ళను తీస్కొని వస్త. ఒక్క పూటల చుట్టేస్తం. వాళ్ళ కూలి నువ్వు సూసుకో. నాదేం లేదు."

"సరే తీయ్" అంది అక్క.

నాదేం లేదు అని నేను స్పష్టంగా చెప్పాను. ఆమె విన్నది. మా ఆయన పక్కనే ఉన్నాడు, ఆయనా విన్నాడు.

చెప్పినట్టే పొద్దున్నే బస్సుకు వెళ్ళాం. అక్క పిండి కలిపి పెట్టింది. కోదాడ వాడకట్టు ఆడవాళ్ళు ఒక్కొక్కరూ చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేలోపు మా వాళ్ళిద్దరూ సగం బట్ట నింపేశారు. అలవాటైన చేతులు. మాటల్లేవు, పాటల్లేవు, చుట్టడమే. వచ్చిన వాళ్ళు కాసేపు చూసి, చేతుల పిండి దులుపుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నారు. వాళ్ళలో ఒకామె, కోదాడ మనిషే, మాట ఆంధ్ర వైపుది, అక్కను అడిగింది.

"వీళ్ళెవరండీ, ఇంత స్పీడుగా చుడుతున్నారు?"

మా అక్క కోదాడ వెళ్ళాక బయటివాళ్ళతో ఆ మాటే మాట్లాడుతుంది. "మా చెల్లెలి మనుషులండీ. మా చెల్లెలు ఇప్పుడు కమర్షియల్ అయిపోయింది. మనలాగా ఊరికే కూర్చోదు" అంది.

అందరూ నవ్వారు.

"అయితే అక్కగారికేమన్నా డిస్కౌంటు ఉందా?" అని ఇంకొకామె.

"అక్కయితే ఏంటండీ, కమర్షియల్ కమర్షియలే."

మళ్ళీ నవ్వారు. నాతో వచ్చిన ఇద్దరిలో పెద్దావిడ మాత్రం తల ఎత్తి నన్ను చూసింది. పెద్ద సకినం నేనే చుట్టాను. తాంబాళం అంచు దాకా వచ్చింది, ఒక్కచోట తెగలేదు. కడాయిలో వేసినప్పుడు, తీసినప్పుడు కూడా తెగలేదు. ఎవరూ మెచ్చుకోలేదు, అది వేరే సంగతి.

అసలైంది సాయంత్రం జరిగింది. చేతులు కడుక్కుని బయల్దేరుతుంటే బావ వచ్చాడు. మా వాళ్ళిద్దరికీ కూలి ఇచ్చాడు. అదే చెయ్యి మూడోసారి జేబులో పెట్టి, వాళ్ళకిచ్చినంతే తీసి, నా చేతిలో కూడా పెట్టాడు.

"ఉంచుకో మరదలా. నీ టైం గూడ టైమే గదా."

అక్క గడపలో నిలబడి ఉంది. చూసింది. తీసుకోకపోతే అలిగింది అంటారు, తీసుకుంటే చూసిన్రా అంటారు. నేను తీసుకున్నాను. పెళ్ళికి కూడా వెళ్ళాను. అక్షింతలు వేసి, భోజనం చేయకుండా వచ్చేశాను. నేను తినలేదని ఎవరూ గమనించలేదు. అది కూడా నేను మర్చిపోలేదు.

తర్వాత మేము సూర్యాపేటకు మారాం. హైదరాబాదుకూ విజయవాడకూ పోయే బస్సులు ఆగే చోటుకు దగ్గరగా దుకాణం పెట్టాను. సకినాలు, గరిజెలు, లడ్డూలు, సర్వపిండి. దుకాణం నిలబడింది. అక్కకూ నాకూ మధ్య మాత్రం రాకపోకలు తగ్గిపోయాయి. నడిగూడెంలో అమ్మ పోయినప్పుడు పక్కపక్కనే కూర్చుని ఏడ్చాం. దినాలయ్యాక ఎవరి బస్సు వాళ్ళు ఎక్కాం.

మిగతా చుట్టాల సంగతి చెప్పక్కర్లేదు. ఆ మాట కోదాడ నుంచి నా కంటే ముందే అందరిళ్ళకూ చేరింది. దుకాణానికి వచ్చి, "మనోళ్ళ రేటు ఏస్తవా, కమర్షియల్ రేటా?" అని కిసుక్కున నవ్విన మేనబావ ఉన్నాడు. నా దగ్గర కొంటే మొహమాటమని పక్క దుకాణంలో కొని, నా దుకాణం ముందు నుంచే సంచి పట్టుకుని పోయిన వదిన ఉంది. నేను లోపల నుంచి చూస్తూనే ఉన్నాను. ఒకసారి మా ఆయన అన్నాడు, "మీ అక్క తెల్వక అన్నది. ఇడిసిపెట్టరాదు?"

"మిల్లోడు చేసింది నువ్వు ఇడిసిపెట్టినవు. అందుకే గిట్లున్నం" అన్నాను.

ఆయన ఎడమచేత్తో లడ్డూలు పేరుస్తూ పోయాడు.

మా కోడలు హైదరాబాదులో చదువుకుంది. ఫ్రెంచి నేర్చుకుంది, ఏదో కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది. ఒక మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేనప్పుడు నా పాత బాధ ఆమెతో చెప్పాను. ఆమె అందరిలాగా "పోనీ అత్తమ్మా" అనలేదు. అందుకు మెచ్చుకోవాలి.

"అత్తమ్మా, ఫ్రెంచోళ్ళకు గది తిట్టే కాదు. యాపారానికి సంబంధించింది అంటే కమర్షియల్ అంటరు, గంతే. సరుకు అమ్మే ఉద్యోగమోళ్ళను గూడ గట్లనే పిలుస్తరు. కార్డు మీద రాసుకుంటరు. స్పెయిన్ల, పోర్చుగల్ల, ఇటలీల, రుమేనియాల, అంతట గదే మాట. పలుకుడు జర తేడా."

"గిన్ని దేశాలు ఒకటే మాట ఎట్ల అంటరు?"

"ఆ భాషలన్ని ఒక్క తల్లికే పుట్టినయి. అక్కచెల్లెండ్ల లెక్క."

"అక్కచెల్లెండ్లయితే ఒకరి పెండ్లిళ్ళకు ఒకరు పోతరో లేదో అడుగు" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. ఇన్ని దేశాల వాళ్ళు నెత్తిన పెట్టుకుని తిరిగే మాట మా అక్క నోట్లో పడేసరికి అట్లా ఎందుకయిందని ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఇక ఇప్పుడు జరిగింది చెప్తాను. అక్క చిన్నబిడ్డకు మఠంపల్లి సంబంధం కుదిరింది. పిల్లగాడు అక్కడే సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అక్కకు ఇద్దరే ఆడపిల్లలు, మగపిల్లలు లేరు. ఇదే ఆ ఇంట్లో ఆఖరి పెళ్ళి. ఈ సంగతి నాకు అప్పుడే తట్టి ఉంటే బాగుండేది.

పెళ్ళికూతురే ఫోన్ చేసింది.

"చిన్నమ్మా, సారెకు ఆర్డర్ రాస్కో. సకినాలు, గరిజెలు, లడ్డూలు, అన్ని. అమ్మ చెప్పమన్నది."

"మీ అమ్మ చెప్పమన్నదా?"

"అవ్ మల్ల. గిన్ని దుకాణాలుండంగ నీ దగ్గరనే చెప్పాలన్నది. పెద్ద సకినం ఒక్కటి వద్దన్నది. అది ఇంట్లనే చేస్తరట."

"ఎవలు చుడ్తరట?"

"ఏమో చిన్నమ్మా, నాకు చెప్పలే. గది సరే, నువ్వెప్పుడొస్తవు?"

"పిలిస్తె వస్త."

"నిన్ను పిలుసుడేంది!" అని నవ్వి ఫోన్ పెట్టేసింది.

ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. పెద్ద సకినం వద్దనడం అంతకంటే ఎక్కువ గుచ్చుకుంది. వేరే ఎవరినో తెచ్చుకుని చుట్టించుకుంటున్నారు, మిగతా సరుకుకు మాత్రం నేను పనికొచ్చాను అనుకున్నాను. శుభలేఖ మా అబ్బాయి ఫోన్‌కు వచ్చింది. బొట్టు పెట్టడానికి ఎవరూ రాలేదు. కోదాడ నుంచి సూర్యాపేటకు ఎంత దూరం? గంట ప్రయాణం కూడా కాదు. బావ నెలకోసారి ఏదో పని మీద సూర్యాపేట వస్తూనే ఉంటాడు. దుకాణం ముందు కోదాడ బస్సు ఆగినప్పుడల్లా దిగేవాళ్ళను చూశాను. చూడలేదని చెప్పను.

మా ఆయన అన్నాడు, "సరుకు బండి పోతది గదా. నువ్వు గూడ ఎక్కు. పోదువు."

"బొట్టు పెట్టలే."

"నువ్వు ఆ ఇంటి మనిషివి. ఇంటోళ్ళకు బొట్టేంది?"

"ఇంటిదాన్నయితే కూలి ఎందుకిచ్చిన్రు?"

ఆ ప్రశ్న అన్నేళ్ళూ అడుగుతూనే వచ్చాను.

సరుకు మాత్రం నేను దగ్గరుండి చేయించాను. మా దుకాణంలో పిండి కలిపేది మిషనే, కానీ ఆ రోజు చుట్టంతా నేనే చుట్టాను. విరిగినవి, నల్లబడినవి ఏరి పక్కన పెట్టాను. అక్క గుమ్మంలోకి పోయే డబ్బాల్లో ఒక్క పలుకు కూడా వంక పెట్టేట్టు ఉండకూడదు. బిల్లు కూడా పెట్టి పంపాను. మనోళ్ళ రేటు వేయలేదు. వేస్తే దానికీ ఒక మాట ఉంటుంది.

సాయంత్రం బండి డ్రైవరు తిరిగొచ్చి తాళాలు ఇస్తూ చెప్పాడు. "అన్ని దించిన అమ్మా. ఆమె డబ్బాల దిక్కు సూడనే లేదు. బండి లోపలికి తొంగిసూసింది. ఎవరన్న వచ్చిన్రా అని అడిగింది. ఎవరు రాలే, నేనొక్కణ్ణే అన్న. డోరు ఏసేదాక గాడనే నిలవడ్డది."

దించడానికి కూలి మనుషులు కావాల్సి వచ్చిందేమో, ముందే చెప్పొచ్చు కదా అనుకున్నాను. డ్రైవరు మాటకు నాకు తట్టిన అర్థం అదొక్కటే.

పెళ్ళికి మా ఆయనా మా అబ్బాయీ వెళ్ళారు. నేను దుకాణంలో కూర్చున్నాను. ఆ రోజు బేరాలు కూడా సరిగ్గా లేవు.

పెళ్ళయిన కొన్నాళ్ళకు పిల్లా అల్లుడూ హైదరాబాదు పోతూ దుకాణం ముందు దిగారు. అల్లుడు చాయ తాగడానికి పక్కకు వెళ్ళాడు. పిల్ల గల్లా పక్కన స్టూలు మీద కూర్చుంది. చీర, నగలు, చేతులకు గాజులు అన్నీ బాగున్నాయి. ముఖం మాత్రం నా వైపు తిప్పలేదు.

"ఎందుకు రాలే చిన్నమ్మా?"

"పిలవలేదు."

"నీ కోసం అమ్మ పొద్దుగాలనే పిండి కలిపింది" అంది.

నాకు అర్థం కాలేదు. ఏ పిండి అని అడిగాను.

"పెద్ద సకినం పిండి. సరుకు బండిల నువ్వొస్తవని. పెద్దది వద్దని చెప్పినం గదా, ఇంట్లనే అంటె నువ్వొచ్చి చుడ్తవని గద చిన్నమ్మా. తడిబట్ట కప్పి పెట్టింది. బండి వచ్చింది, నువ్వు రాలే. బస్సుకు వస్తదేమో అన్నది. బజారుకు పోయి నిలవడ్డది. వాడకట్టోళ్ళు మేం చుడ్తమంటె ఎవ్వరిని ముట్టనియ్యలే. మళ్ళమళ్ళ బట్ట తడుపుకుంట కూసున్నది. పొద్దుగూకే వరకు పిండి పులిసి, పగుళ్ళువట్టింది. అప్పుడు తనే చుట్టబోయింది." పిల్ల కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆమె చుట్టు ఎట్లుంటదో నీకు తెల్సు గదా."

రెండో వరసకే తెగి ఉంటుంది. ఆమె చెప్పక్కర్లేదు.

"ఆ పిండి ఏం చేసిన్రు?"

"బర్రెకు పెట్టిన్రు. మఠంపల్లిల సారె ఇప్పినప్పుడు మా అత్త అడిగింది, పెద్ద సకినం ఏది, మీ అమ్మకు తోబుట్టువులు లేరా అని. చుట్టు నలుగురు కూసున్నరు. చిన్నమ్మ ఉన్నది, దుకాణముంటది, బిజీ అని చెప్పిన."

అల్లుడు చాయ తాగి వచ్చాడు. నేను వాళ్ళకు మిఠాయి పొట్లం కట్టి ఇచ్చాను. పిల్ల డబ్బులు తీయబోయింది. ఆ చెయ్యి పట్టుకుని పర్సు మూయించాను. ఆమె ఏమనుకుందో తెలియదు.

మరుసటి రోజు దుకాణం కోడలికి అప్పజెప్పి కోదాడ బస్సు ఎక్కాను. వెళ్ళి ఏం మాట్లాడాలో మునగాల దాటేదాకా అనుకుంటూనే ఉన్నాను. అక్క రేకుల షెడ్డు కింద వడ్లు ఎండబోసి కాకుల్ని అదిలిస్తూ కూర్చుంది. నన్ను చూసి లేవలేదు.

"వచ్చినవా."

"వచ్చిన."

"దుకాణం ఎవలు సూస్తున్నరు?"

"కోడలు."

మళ్ళీ కాకుల్ని అదిలించింది. ఆమె వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి. ఆ చేతులతో పిండి ఎట్లా కలిపిందో. నేను ముందుగా అనాలనుకున్నది వేరు, నోట్లోంచి వచ్చింది వేరు.

"బొట్టు పెట్టి పిలవలే నువ్వు."

అక్క తల తిప్పి చూసింది. "పెద్దదాని పెండ్లికి బొట్టు పెట్టిన. ఏమైంది? చుట్టాన్ని పిలిసినట్టు పిలిస్తె, కూలోళ్ళను ఎంటేసుకొని వచ్చినవు. ఈసారి పెట్టకపోతెనన్న చెల్లెలెక్క వస్తవనుకున్న."

"మరి నాకు కూలెందుకిచ్చిండు బావ?"

"ఆయనకేం తెల్సు? ముగ్గురు కూసున్నరు, ముగ్గురికి ఇచ్చిండు."

"నువ్వు సూసుకుంట నిలవడ్డవు. వద్దని చెప్పొచ్చు గద."

"నువ్వెందుకు తీస్కున్నవు? మొకాన కొడ్తవనుకున్న. కొడ్తె మంచిగుండు. నువ్వు మడిచి రవికెల పెట్టుకున్నవు."

ఇట్లా అనుకుంటూ పోతే ఒక్కటీ తెగేది కాదని ఇద్దరికీ తెలుసు. నేను ఆ రోజు డబ్బు తీసుకోవడం తప్పని ఒప్పుకోను. బొట్టు పెట్టకుండా రమ్మనడం న్యాయమనీ అనుకోను. కానీ పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా బట్ట తడుపుకుంటూ కూర్చున్న మనిషి ముందు ఈ న్యాయాలన్నీ ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు.

అక్కే మళ్ళీ మాట్లాడింది. "నీ సకినాలు గట్టిగుంటున్నయ్. పిండి ఎవలు కలుపుతున్నరు?"

"మిషన్."

"అట్లనే ఉన్నయ్."

"ఒక్కసారి పెండ్లికి తింటివి. అప్పుడే వంక పెడ్తున్నవా?"

"ఒక్కసారేంది? సూర్యాపేట పొయ్యేటోళ్ళకు చెప్పి తెప్పిచ్చుకుంట. దుకాణం పెట్టినకాడ్నించి తింటున్న. ఊకెనే తింటలేను, కొనుక్కొని తింటున్న." కాకిని అదిలించి, నా వైపు చూడకుండానే అంది, "కమర్షియల్ గదా."

ఇన్నేళ్ళ తర్వాత అదే మాట, అదే షెడ్డు కింద. ఈసారి నవ్వడానికి ఎవరూ లేరు. కోపం వస్తుందేమోనని చూసుకున్నాను. రాలేదు. వచ్చి ఉంటే తిరుగు ప్రయాణం సులువయ్యేది.

గోడకు ఆ పెద్ద తాంబాళం ఆనించి ఉంది. చింతపండుతో తోమినట్టుంది, ఇంకా మెరుస్తోంది. పెళ్ళికని తోమి, ఏమీ పెట్టకుండానే మళ్ళీ గోడకు ఆనించారు. నేను దాన్నే చూస్తున్నానని అక్క గమనించింది.

"బియ్యమేమన్న ఉన్నయా ఇంట్ల?" అన్నాను. "నానబెట్టు. నువ్వు కలుపు. రేపటి దాక ఉంట. చుట్టిపోత."

"ఎవలికి?" అంది అక్క.

మఠంపల్లి వియ్యపురాలు సారె విప్పేసింది. వచ్చిన నలుగురూ అనుకోవాల్సింది అనుకుని వెళ్ళిపోయారు. అక్కకు ఇంకో బిడ్డ లేదు. నాకున్నది కొడుకు, మా ఇంట్లోకి సారె రావడమే గానీ మా ఇంట్లోంచి పోయేది లేదు. ఆమె పిండి, నా చుట్టు కలిసి పోవాల్సిన ఇల్లు ఏదీ మిగల్లేదు.

చాయ పెట్టింది, తాగాను. బయల్దేరుతుంటే లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. పోయే ఆడమనిషికి బొట్టు పెట్టి పంపడం ఎవరింట్లోనైనా ఉన్నదే. నేను నుదురు ముందుకు పెట్టాను. కొంచెం కుంకుమ ముక్కు మీద రాలింది. కొంగుతో తనే తుడిచింది.

"అంత దూరం బస్సుల వచ్చి నీకు బొట్టు పెట్టమంటవా నన్ను?" అంది. "నువ్వే వస్తుండు."

వస్తానని చెప్పాను. దేనికి రావాలో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. కోదాడ బస్టాండులో సూర్యాపేట బస్సు కోసం నిలబడినప్పుడు, నుదుటి మీది బొట్టు చెమటకు కారకుండా తలకు కొంగు కప్పుకున్నాను.